కారుకు ఉత్తరక్రియలు

మనిషి పోతే మరణ ధ్రువపత్రం తీసుకోవాలని పల్లెటూళ్ళో అక్షరం రాని ముసలమ్మకు సైతం తెలుసు. కారు పోతే దానికీ అట్టి పత్రమొకటి కావాలని, ముప్పై యేండ్లకు దగ్గరగా కళాశాలలో పాఠాలు చెబుతున్న నాకు మాత్రం మొన్నమొన్నటిదాకా తెలియదు. తెలిసివచ్చిన విధం చెబితే ఉపాధ్యాయ మిత్రులలో ఏ కొందరికైనా పనికివస్తుందేమోనని ఈ నాలుగు ముక్కలు.

మా నాన్నగారు 1994లో ఒక అంబాసిడరు కారు కొన్నారు. తెల్లకారు, గుంటూరు జిల్లా నంబరు. ఆ రోజుల్లో తెనాలిలో మా వీధికంతటికీ అదొక్కటే కారు గనుక, పెండ్లికూతురును తేవాలన్నా, పురిటికి ఆస్పత్రికి పోవాలన్నా జనం మా గుమ్మంలోనే వచ్చి నిలబడేవారు. 2014లో ఆ కార్లు తయారు చేయడమే మానివేశారు. 2016లో నాన్నగారు పోయారు. అప్పటినుంచి కారు దొడ్లో వేపచెట్టు క్రింద ఉండిపోయింది. టైర్లలో గాలి పోయి చక్రాలు నేలలోకి దిగబడ్డాయి. వెనుక సీటులో ఒక కోడి గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపింది. అమ్మకం మాట ఎత్తితే అమ్మ ముఖం చిన్నబోయేది గనుక నేనూ ఎత్తలేదు.

చివరకు అమ్మే అన్నది: “ఎన్నాళ్ళురా దాన్నట్లా ఎండకూ వానకూ వదిలేస్తావు? దానికీ ఒక దారి చూపించు.”

పాత ఇనుప సామాను కొనే అతను వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు తట్టి చూచి, ఇరవై యెనిమిది వేలు చేతిలో పెడతానన్నాడు. సాయంత్రం లారీతో వచ్చి తీసుకొని పోతాడట. కాగితాల ఊసే లేదు. నాకది సుఖంగానే తోచింది. ఆ మధ్యాహ్నం మా వీధి చివరనుండే మాస్టారు, హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పినవారు, కర్ర ఊతంగా వచ్చి, “ఏమోయ్, సి బుక్కు రద్దు చేయించావా?” అని అడిగారు. లేదన్నాను. “అయితే నా సంగతి విను” అని అరుగు మీద కూర్చున్నారు.

ఆయన నాలుగేండ్ల క్రిందట తన పాత కారును ఇట్లాగే ఇనుప వ్యాపారికి అమ్మివేశారు. డబ్బు లెక్కపెట్టుకొని, తాళంచెవి ఇచ్చి, నిశ్చింతగా పడుకొన్నారు. ఎనిమిది నెలలకు, దీపాలు పెట్టేవేళ, మరొక జిల్లానుంచి పోలీసులు వచ్చారు. ఆ నంబరు గల కారొకటి సైకిలు మీద పోయే మనిషిని పడగొట్టి ఆగకుండా పోయిందట. కారును కరిగించినవాడు నంబరు పలకను కరిగించలేదు. అది చేతులు మారి మరొక బండికి చేరింది. అమ్మానని చెప్పడానికి మాస్టారి దగ్గర చిన్న రసీదు కూడా లేదు. రిజిస్టరులో యజమాని ఇంకా ఆయనే. దొరికిన బండి ఛాసిస్ నంబరు వేరని తేలేవరకు ఏడాదిన్నర తిరిగారు. “నలభై యేండ్లు పిల్లలకు బుద్ధులు చెప్పి, చివరకు స్టేషను బల్ల మీద కూర్చుని ‘నేను కాదు బాబూ’ అని చెప్పుకోవలసి వచ్చింది” అన్నారు. అనేటప్పుడు ఆయన నా వంక చూడలేదు.

సాయంత్రం వచ్చిన లారీని తిప్పి పంపించాను.

తరువాత చట్టం తీసి చదివాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 55వ సెక్షను ఈ విషయమే చెబుతుంది. వాహనం నాశనమైనా, ఇక శాశ్వతంగా పనికిరాకపోయినా, పధ్నాలుగు రోజులలోగా, లేదా వీలయినంత త్వరలో, యజమాని ఆ సంగతి రవాణా అధికారికి తెలియజేసి, రిజిస్ట్రేషను పత్రాన్ని అప్పగించాలి. చట్టానికి కనిపించే కారు రిజిస్టరులోని పద్దు. ఇనుము కరిగిపోయినా, పద్దు కొట్టివేసేవరకు కారు ఉన్నట్టే, యజమాని యజమానే.

2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం తుక్కు చేసే కేంద్రాలకు ప్రత్యేకంగా నియమాలు ప్రకటించింది. అట్లా నమోదైన కేంద్రంలో కారును అప్పగిస్తే మొదట డిపాజిట్ సర్టిఫికెట్టు ఇస్తారు. కారును విప్పి ముక్కలు చేసిన తరువాత స్క్రాపింగ్ సర్టిఫికెట్టు ఇస్తారు. కాని దరఖాస్తు పెట్టడానికి ముందే కొన్ని సంగతులు తేలాలి. కారు మీద అప్పు తాలూకు పద్దు ఉండరాదు, బకాయిలుండరాదు, జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఆ బండి మీద కేసులుండరాదు, రవాణా కార్యాలయపు నిషేధపు జాబితాలో దాని పేరుండరాదు. ఒక్కటి అడ్డు తగిలినా దరఖాస్తు కదలదు.

మా బండి మొదటిదాని దగ్గరే ఆగింది. నాన్నగారు 1994లో బ్యాంకులో అప్పు చేసి కారు కొన్నారు. 1998లో పైసాతో సహా తీర్చివేశారు. కాని సి బుక్కులో ఆ బ్యాంకు పేరు కొట్టివేయించలేదు. దీనిని ఇంగ్లీషులో హైపోథికేషన్ అంటారు. తెలుగులో తాకట్టు అంటున్నాము గాని, ఆ మాట నాకు సరిగా అతకదు. తాకట్టు పెట్టిన నగ షావుకారు బీరువాలోకి పోతుంది. ఇక్కడ వస్తువు మన వాకిట్లోనే ఉండి మనకు ఊడిగం చేస్తుంది. హక్కు మాత్రం కాగితం మీద అవతలివాడిది. సరైన తెలుగు మాట ఏదో విద్యార్థులెవరైనా చెబితే సంతోషిస్తాను. ఇంతకూ ఆ బ్యాంకు ఈలోగా వేరొక బ్యాంకులో కలిసిపోయింది. అప్పు లేదు, అప్పిచ్చినవాడూ లేడు, పద్దు మాత్రం నిక్షేపంగా ఉన్నది. నాన్నగారు ట్రంకు పెట్టెలో దాచిన చెల్లింపు ఉత్తరం రెండు రోజులు వెదికితే దొరికింది. అది చూచి బ్యాంకులోని కుర్ర అధికారి, “అప్పటికి నేను పుట్టలేదండీ!” అన్నాడు. 35వ నంబరు ఫారం మీద సంతకాలు పడేసరికి ఐదు వారాలు గడిచాయి.

రెండవది వారసుల వ్యవహారం. యజమాని కీర్తిశేషుడు గనుక మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మా చెల్లెలూ తమకు అభ్యంతరం లేదని వ్రాసిచ్చిన కాగితాలు కావలసి వచ్చాయి. నాన్నగారు పోయిన ఏడాదే కారును వారసుల పేరుకు మార్పించుకొని ఉంటే ఇందులో సగం పని తగ్గేది. హైదరాబాదులో ఉన్న చెల్లెలు ఫోనులో, “సంతకం పెడతాను గాని అన్నయ్యా, ఆ నంబరు పలక నాకిస్తావా? గోడకు పెట్టుకొంటాను” అన్నది. ఆ కారులోనే అది అత్తవారింటికి వెళ్ళింది. ఇస్తానని నోటి చివరకు వచ్చింది. మాస్టారు గుర్తుకు వచ్చారు. “పలక కారుతోనే పోవాలమ్మా. తాళంచెవి ఒకటి ఎక్కువ ఉన్నది, అది పంపిస్తాను” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. సంతకం చేసి పంపింది.

అప్పగించిన రోజున క్రేను బండి వెంట నేనూ వెళ్ళాను. వాళ్ళు వెంటనే ముక్కలు చేయలేదు. మిగిలిన పెట్రోలు, నూనెలు వేరువేరుగా దించారు, బ్యాటరీ విడదీశారు. ఇవి నేలలోకి ఇంకకుండా చూడాలని నియమం ఉన్నది. మా ఇనుప వ్యాపారి అయితే ఏ కాలువ గట్టునో పారబోసి ఉండేవాడు. ఛాసిస్ నంబరు చెక్కిన ముక్కను కోసి విడిగా భద్రపరుస్తారట. ఆ నంబరుతో మరొక బండి పుట్టకుండా అదొక కట్టుదిట్టం. ఇరవై నాలుగు వేలు నా బ్యాంకు ఖాతాలో పడ్డాయి. వ్యాపారి చెప్పినదానికి నాలుగు వేలు తక్కువ. అయితే డిపాజిట్ సర్టిఫికెట్టుకు విలువ ఉన్నది. దానిని చూపి కొత్త సొంత కారు కొంటే రాష్ట్రాలు మోటారు పన్నులో 25 శాతం వరకు తగ్గించవచ్చునని 2021లోనే కేంద్రం ప్రకటించింది. మనం కొనకపోతే ఆ పత్రాన్ని మరొకరికి బదిలీ చేయవచ్చును.

కొద్ది వారాలకు స్క్రాపింగ్ సర్టిఫికెట్టు, ఆ వెనుకనే రిజిస్ట్రేషను రద్దయినట్టు కాగితం వచ్చాయి. రెండూ పట్టుకొని ముందు మాస్టారింటికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని, ఛాసిస్ నంబరును సి బుక్కు నకలుతో అంకె అంకె పోల్చి చూచారు. పూర్వం మా లెక్కల కాగితాలు దిద్దినట్టే చూచారు. “సరిపోయింది” అన్నారు.

అమ్మ ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకొన్నది. నంబరున్న చోట వేలు పెట్టి, “ఇదేనా?” అని అడిగింది. అవునన్నాను. నాన్నగారి మరణ ధ్రువపత్రం ఉన్న కవరులోనే దానినీ పెట్టి, ట్రంకు పెట్టె మూత వేసింది. దొడ్లో వేపచెట్టు క్రింద చక్రాలు దిగిన గుంటలు నాలుగూ ఇంకా అట్లాగే ఉన్నాయి. కోడి ఆ చుట్టుప్రక్కలే తిరుగుతున్నది.