పంపంటే భయం, సూదంటే నమ్మకం

సిరిసిల్ల సాంచాల షెడ్లలో నూలు నుసి. కోరుట్లలో బీడీలు చేసే ఇళ్లలో తంబాకు ఘాటు. జగిత్యాల పల్లెల్లో వరికోతల దుమ్ము. ఉబ్బసం ఉన్నవాళ్లకు దమ్ము లేవడానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. అర్ధరాత్రి ఊపిరి అందనప్పుడు చాలా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఆర్‌ఎంపీ. డెరిఫిలిన్, డెక్సా కలిపి సూది వేస్తాడు, తెల్లారేసరికి నెమ్మదిస్తుంది. అదే మనిషికి డాక్టరు పంపు (ఇన్‌హేలర్) రాసిస్తే మాత్రం "అలవాటైతది సార్, గోలీలియ్యుండ్రి" అంటారు.

భయపడాల్సిన దాన్ని నమ్ముతున్నాం, నమ్మాల్సిన దానికి భయపడుతున్నాం. నీలం పంపులోని సాల్బుటమాల్ ఒక్క పఫ్‌కు 100 మైక్రోగ్రాములు, అదీ నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది. అదే మందు గోలీలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 పఫ్‌లంత. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగాక గానీ ఊపిరితిత్తులకు చేరదు. చేతుల వణుకు, గుండెదడ గోలీతోనే ఎక్కువ. పంపుతోనూ ఇవి వస్తాయి, కానీ కాసేపట్లో తగ్గిపోతాయి. ఎక్కువసార్లు పీలిస్తే రక్తంలో పొటాషియం పడిపోతుంది, అది గుండెకు మంచిది కాదు.

డెరిఫిలిన్ సంగతి వేరు. అందులోని థియోఫిలిన్ రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే మందు. అది దాటితే వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్. బీడీ తాగేవాళ్ల ఒంట్లోంచి ఇది త్వరగా పోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నవాళ్ల ఒంట్లో పేరుకుపోతుంది. ఒకరికి చాలని మోతాదే మరొకరి ప్రాణం మీదికి తేవచ్చు. రక్తపరీక్ష లేని చోట ఈ సూది వేయడం నాకు జూదంలాగే కనిపిస్తుంది. అంతర్జాతీయ సంస్థ 'జీనా' కూడా ఉబ్బసం దాడికి దీన్ని వాడొద్దనే చెబుతోంది.

డెక్సా స్టెరాయిడ్, అది చెడ్డ మందు కాదు. తీవ్రమైన దాడిలో స్టెరాయిడ్ తప్పనిసరి, పని మొదలుపెట్టడానికి కొన్ని గంటలు పడుతుంది. డాక్టరు ఐదారు రోజులకు రాస్తే భయపడి మానేయొద్దు. నెలనెలా వేయించుకుంటే మాత్రం షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు.

అలాగని నీలం పంపు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 1960లలో బ్రిటన్‌లో ఘాటైన ఐసోప్రినలిన్ పంపులు, ఆ తర్వాత న్యూజిలాండ్‌లో ఫెనటెరాల్ పంపులు వచ్చిన కాలంలోనే ఉబ్బసం మరణాలు పెరిగాయి. 1969లో వచ్చిన సాల్బుటమాల్ గుండెకు వాటికన్నా నయం. అయితే గొట్టాలను తెరుస్తుందే తప్ప లోపలి వాపును తగ్గించదు. హాయిగా ఉందనుకుంటూనే రోగం ముదురుతుంది. ఏడాదికి మూడు పంపులు అయిపోతున్నాయంటే ప్రమాదం దగ్గరపడుతున్నట్టే. అందుకే 2019లో జీనా పెద్దలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వొద్దంది. ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ కలిసిన పంపును ముందుకు తెచ్చింది. ఇదీ నిమిషాల్లోనే ఊపిరి ఆడిస్తుంది, పీల్చిన ప్రతిసారీ కొంచెం స్టెరాయిడ్ వాపు మీద పనిచేస్తుంది. నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రావచ్చు. పీల్చాక నీళ్లతో పుక్కిలిస్తే చాలావరకు రావు.

మాట మధ్యలో తెగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా సూది కోసం తిరగకుండా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి. పెద్దవాళ్లయితే పంపుకు స్పేసర్ గొట్టం పెట్టి ఒక్కొక్కటిగా 4 నుంచి 10 పఫ్‌ల సాల్బుటమాల్, 20 నిమిషాలకోసారి ఇస్తూ ఉండండి.