క్రూయిజ్ కంట్రోల్ మొరాయించినపుడు: దోషాన్వేషణ క్రమము

తెలుగు బోధించువానికి కారు తీగెలతో పనియేమని విద్యార్థులు నవ్వవచ్చును. వాక్యములో దోషమున్నచో కర్తను, కర్మను, క్రియను వరుసగా పరిశీలింపుడని వారికి చెప్పెడి నేను, నా పాత కారు విషయములో ఆ వరుసను మరచితిని. ఆ పొరపాటు నేర్పిన పాఠమే ఈ వ్యాసము.

2024 సెప్టెంబరు ఆరంభములో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలగు పేటలు నీట మునిగిన సంగతి అందరెరిగినదే. అచ్చట బంధువుల ఇంటి ముందు నిలిపిన నా కారులోనికి కూడ నీరు చేరెను. ఆరబెట్టి, శుభ్రపరచిన పిమ్మట ఇంజను నడిచెను గాని క్రూయిజ్ కంట్రోల్ పనిచేయలేదు. దాని కంట్రోల్ యూనిట్ చెడెనని నాకు నేనే నిశ్చయించుకొని, కొన్ని దినములు అట్లే తిరిగి, తుదకు క్రొత్త యూనిట్‌కు సొమ్ము కూర్చుకొని గన్నవరము నుండి ఆటోనగరునకు పోతిని. అచ్చటి వృద్ధ ఎలక్ట్రీషియన్ యూనిట్ వంకయైనను చూడక, "మాస్టారూ, ఒకసారి బ్రేకు తొక్కండి" అనెను. వెనుక దీపములు వెలుగలేదు. "క్రూయిజ్ సంగతి తర్వాత. మీరు ఆగుతున్నట్టు వెనకాల లారీ వాడికి ఇన్నాళ్ళూ ఎలా తెలిసిందండీ?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు.

బ్రేకు దీపమునకును క్రూయిజ్ కంట్రోల్‌కును సంబంధమేమి? క్రూయిజ్ కంట్రోల్ అనగా డ్రైవరు యాక్సిలరేటరుపై కాలు మోపకున్నను, ఎంచుకొనిన వేగమును నిలుపు సాధనము. ఐదవ ఏటనే చూపు కోల్పోయిన అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్ దీనికి 1950లో పేటెంటు పొందెను. 1958లో క్రైస్లర్ సంస్థ తన కార్లలో దీనిని ప్రవేశపెట్టెను. పాత కార్లలో దీని అంగములు ఐదు: స్టీరింగు వద్ద మీటలు, వేగమును తెలుపు సెన్సరు, నిర్ణయము చేయు కంట్రోల్ యూనిట్, థ్రాటిల్‌ను లాగు మోటారు లేక వాక్యూమ్ పరికరము, పెడళ్ళ వద్ద స్విచ్చులు. మొదటి నాలుగు వేగమును నిలుపుటకు. ఐదవది దానిని విడిపించుటకు. బ్రేకు తొక్కగానే స్విచ్చిలోని ఒక కాంటాక్టు కలిసి దీపమును వెలిగించును; అనేక కార్లలో రెండవ కాంటాక్టు విడిపోయి క్రూయిజ్‌ను ఆపును. ఈ స్విచ్చిపై నమ్మకము కుదరనిచో యూనిట్ పని ప్రారంభింపదు. అది మొరాయింపు కాదు, హెచ్చరిక.

కావున మొదట చూడవలసినది బ్రేకు దీపములను. వెలుగనిచో ఫ్యూజు, బల్బులు, స్విచ్చి వరుసగా చూడవలెను. కాలు తీసినను ఆరనిచో స్విచ్చి బిగుసుకొనినది. బ్రేకు తొక్కియే యున్నదని యూనిట్ భ్రమించును. కొన్ని కార్లలో యూనిట్ బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్‌ను చూచుకొనును. అట్టివానిలో బల్బులన్నియు మాడినను, వాని స్థానమున ఎల్‌ఇడి బల్బులు పెట్టినను క్రూయిజ్ పట్టదు.

రెండవది క్రూయిజ్ ఫ్యూజు. చెప్పిన ఆంపియర్లదే వేయవలెను. ఫ్యూజునకు బదులు తీగ చుట్టుట నిప్పుతో చెలగాటము. మూడవది స్పీడోమీటరు. ముల్లు కదలనిచో సెన్సరునో, దాని తీగెలనో అనుమానింపవలెను. గంటకు సుమారు 40 కిలోమీటర్లకు లోపల పెక్కు కార్లలో క్రూయిజ్ పట్టదని కూడ గుర్తుంచుకొనవలెను. నాల్గవది హారను. హారను, స్టీరింగు మీటలు ఒక్కసారే మూగవోయి, ఎయిర్‌బ్యాగు దీపము వెలుగుచున్నచో, స్టీరింగు క్రింద చుట్టగా నుండు రిబ్బను కేబులు తెగియుండవచ్చును. ఎయిర్‌బ్యాగు గల స్టీరింగును నిపుణుడే విప్పవలెను.

ఐదవది కనెక్టర్లు, ఎర్త్. నీట మునిగిన కార్లలో పిన్నులకు పచ్చని చిలుము పట్టి విద్యుత్తునకు అడ్డు పడును. మల్టీమీటరుతో చూచినచో ఇంజను ఆపియున్నపుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, నడుచునపుడు 14 వోల్టుల ప్రాంతము చూపును. బ్యాటరీ బాగుండి, యూనిట్ చెంతకు వచ్చుసరికి వోల్టేజి తగ్గినచో లోపము దారిలోనిదే. ఇవన్నియు ముగిసిన పిమ్మటనే యూనిట్‌ను అనుమానింపవలెను.

బ్రేకు స్విచ్చి తీగెలను కత్తిరించి కలిపివేసిన పని జరుగునని కొందరందురు. ఎంత మాత్రము చేయరాదు. బ్రేకు తొక్కినను వేగము వదలని కారు జాతీయ రహదారిపై మృత్యువే. ఈ స్విచ్చి చిన్నదని అలక్ష్యము చేయుటయు తగదు. అమెరికాలో ఫోర్డు కార్లలో క్రూయిజ్‌ను ఆపు స్విచ్చిలోనికి బ్రేకు ద్రవము ఊరెను. ఇంజను ఆపినను ఆ స్విచ్చిలో విద్యుత్తు ఉండుటచే, నిలిపియున్న కార్లకు సైతము నిప్పంటుకొనెను. 1999 నుండి 2009 వరకు సుమారు కోటీ నలుబది లక్షల వాహనములను ఆ సంస్థ మరమ్మతునకు వెనుకకు పిలువవలసి వచ్చెను.

నా కారులో దోషము బ్రేకు స్విచ్చి కనెక్టరులోని చిలుము. ఎలక్ట్రీషియన్ దానిని గీకి, శుభ్రపరచి, బిగించెను. దీపములు వెలిగెను, క్రూయిజ్ పట్టెను, యూనిట్‌కై తెచ్చిన సొమ్ము జేబులోనే మిగిలెను. నాటి నుండి కారు తీయుటకు ముందు మా అబ్బాయిని వెనుక నిలిపి బ్రేకు తొక్కుచున్నాను. వాడు "వెలిగాయి అబ్బా" అనిన పిమ్మటనే బయలుదేరుదును.