నోట్లో మచ్చ: డాక్టరుకు ఏం చెప్పాలి?

ఈ వారం నోటి లోపల వచ్చే మచ్చల గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి. మా పెద్దమ్మ అమెరికా వచ్చినప్పుడు ఇక్కడి డాక్టర్లకీ ఆవిడకీ మధ్య దుబాసీగా కూర్చున్నాను. అలా కొంత తెలిసింది, తర్వాత చదివి మరికొంత తెలుసుకున్నాను.

ముందు అంతగా భయపడక్కర్లేని వాటి సంగతి. మనవాళ్ళలో చాలామందికి చిగుళ్ళు గోధుమరంగులోనో, నల్లగానో ఉంటాయి. చిన్నప్పట్నుంచీ ఉండి, రెండు వైపులా ఒకేలా ఉంటే అది ఒంటిరంగు లాంటిదే, జబ్బు కాదు. మామూలు నోటిపూత మంట పెడుతుంది, అన్నం తిననివ్వదు, కానీ ఒకటి రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. మీగడలాంటి తెల్లపూత గుడ్డతో తుడిస్తే వచ్చేస్తోందంటే సాధారణంగా ఫంగస్. షుగరున్నవాళ్ళకీ, ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలరు వాడేవాళ్ళకీ వస్తుంటుంది. రెండు బుగ్గల లోపలా తెల్లటి అల్లికలాంటి గీతలుంటే లైకెన్ ప్లానస్ కావచ్చు. దాన్ని మాత్రం డాక్టరు అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి.

అసలు చిక్కు తుడిచినా పోని తెల్లమచ్చతో. వేరే కారణమేదీ కనబడకపోతే దాన్ని ల్యూకోప్లేకియా అంటారు. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. అలాంటిదే ఎర్రమచ్చయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. వీటిలో కొన్ని క్యాన్సరుగా మారతాయి. ఏది మారుతుందో కంటితో చూసి ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేడు. ఒరుసుకునే పన్ను ఉంటే సరిచేసి, పొగాకు మాన్పించి, రెండు వారాలు చూస్తారు. తగ్గకపోతే బయాప్సీ. అక్కడ మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షనిచ్చి మిరియపు గింజంత ముక్క తీస్తారు, అంతే.

ఇక పెద్దమ్మ సంగతి. ఆవిడది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున పల్లె. ఆ వైపు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదనీ, ఒళ్ళో పిల్లమీద నిప్పు పడదనీ చెబుతారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. డాక్టర్లు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల్ని పరీక్షించి, అడ్డపొగవల్ల అంగిట్లో వచ్చే మచ్చల మీద 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలుగా అంగిట్లో క్యాన్సరు అరుదు, అడ్డపొగ తాగేవాళ్ళలో అలా కాదు.

ఇక్కడి డెంటిస్టు "స్మోక్ చేస్తారా?" అని అడిగాడు. "సిగరెట్టు ముట్టను" అంది పెద్దమ్మ. అబద్ధం కాదు! ఆ మాటొక్కటే ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటే, వేడి కాఫీకి కాలిందని రాసుకునేవాడే. నేను కాగితం మీద చుట్ట బొమ్మ గీసి, నిప్పు ఎటువైపుంటుందో చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి మళ్ళీ లైటు వేసి చూశాడు. "నొప్పి నేదు గదరా బాబూ, ఇదంతా ఎందుకు?" అంటూనే ఉంది ఆవిడ. బయాప్సీలో కణాల్లో మార్పు మొదలైందని తేలింది, ఇంకా క్యాన్సరు కాలేదు. మచ్చ తీసేశారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

వక్క సంగతీ ఇంతే. "పొగాకు లేదు, వట్టి వక్కపొడే" అంటాం. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో వెలువరించిన గ్రంథంలో ఉంది. వక్కవల్ల బుగ్గల లోపలి పొర పాలిపోయి, నారలా బిగుసుకుపోయే జబ్బొకటుంది. కారం తగిలితే మంట, క్రమంగా నోరు తెరుచుకోదు. మూడువేళ్ళు నిలువుగా పట్టకపోతే అనుమానించాలి. దాన్ని 1952లో మొదట వర్ణించింది కెన్యాలో ఉన్న ఐదుగురు భారతీయ స్త్రీలలో. దేశం దాటినా వక్క మనతో వస్తుంది మరి.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. ఇక్కడ బయాప్సీ ఖర్చు చాలాసార్లు డెంటల్ కిందకు కాక మెడికల్ కిందకు వస్తుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. విజిటర్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకు డబ్బివ్వవు. అందుకని అమ్మానాన్నల్ని బయల్దేరేముందే అక్కడ చూపించుకోమనండి. హైదరాబాదు, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్తే సరిపోతుంది.