ఒకే జబ్బు, రెండు రకాల చేతులు | కీళ్లవాతం ఎపిసోడ్

అద్దంకి నుంచి మళ్లీ మనమే. ఈసారి కొంచెం ఇంటి సంగతి, ఓపిగ్గా వినండి.

మా పిన్ని హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. మా వీధిలో ఒక అత్త ఉంది, వరసకి అత్త. మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్తుంది. ఇద్దరికీ నలభై దాటాక ఒకటే జబ్బు వచ్చింది, రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి గంటసేపు టీ గ్లాసు కూడా పట్టుకోలేరు. పిన్ని ఇప్పుడు స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తోంది. అత్త వేళ్లు మాత్రం పక్కకి ఒరిగిపోయాయి. జాకెట్ హుక్కు పెట్టాలన్నా కూతురు రావాల్సిందే.

నేను కోడ్ రాసే రోజుల్లో, ఒకే కోడ్ ఒక సర్వర్లో నడిచి ఇంకోదాంట్లో పడిపోతే ముందు సర్వర్‌నే అనుమానించేవాళ్లం. ఇక్కడా అలాగే చూద్దాం.

'మోకాళ్లలో గుజ్జు అరిగింది' అంటామే, అది ఆస్టియో ఆర్థరైటిస్. వయసు, బరువు, పని అన్నీ కలిసి తెచ్చేది. రుమటాయిడ్ వేరు. మన ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేస్తుంది. ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మొదటి కొన్ని నెలల్లోనే సరైన మందు పడితే ఎముక పాడవకుండా చాలావరకు ఆపొచ్చు. ఒకసారి పాడైంది మాత్రం వెనక్కి రాదు.

పిన్ని రెండు నెలల్లో రుమటాలజిస్టు దగ్గర కూర్చుంది. అత్త ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంది. సాయంత్రానికి నొప్పి పోయింది, మర్నాడు కోతకి వెళ్లింది. అలా మూడేళ్లు. ఇలాంటి సూదుల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. వాపు చటుక్కున తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి దాని మీదే బండి లాగితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది.

"గుంటూరు పోయి చూపించుకోవచ్చుగా అత్తా?" అన్నాను.

"రోజు కూలి పోద్ది, తోడొచ్చే పిల్లదాని కూలి పోద్ది, బస్సు ఛార్జీలు. కోతలప్పుడు మానుకుంటే ఏడాదంతా ఏం తినాలి నాయనా?" అంది.

లెక్క తప్పని నేను అనలేకపోయాను.

ఇది మా వీధి కథ ఒక్కటే కాదు. అమెరికాలో పింకస్, కాలహాన్ అనే ఇద్దరు 1985లోనే చూపించారు: రుమటాయిడ్ ఉన్నవాళ్లలో చదువు తక్కువైన వాళ్ల పరిస్థితి ఎక్కువ దిగజారుతోంది, మరణాలు కూడా వాళ్లలోనే ఎక్కువ. తర్వాత క్వెస్ట్-ఆర్‌ఏ అని చాలా దేశాల పేషెంట్లని కలిపి చూశారు. 2009లో 25 దేశాల లెక్క వచ్చింది. ఆదాయం తక్కువున్న దేశాల్లో జబ్బు తీవ్రత ఎక్కువ. నన్ను ఆపేసింది ఆ వరసలోనే వచ్చిన ఇంకో మాట: పేద దేశాల వాళ్లు అంత జబ్బుతోనూ పని మానట్లేదు. మానితే పెన్షన్ ఎవరిస్తారు?

చివరికి అత్తకి మందు దొరికింది. మెథోట్రెక్సేట్. పాత మందు, ఖరీదు కూడా తక్కువే. కానీ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. స్ట్రిప్ మీద ఇంగ్లీషు, చీటీ మీద ఇంగ్లీషు. అత్త మూడు రోజులు వరసగా వేసుకుంది. నోరంతా పుండ్లు. కూతురు చూసి పరిగెత్తుకొచ్చింది. డాక్టరు మందు ఆపించి, రక్తపరీక్షలు చేయించి, కొన్నాళ్లకి మళ్లీ మొదలుపెట్టారు. మందు ధర తగ్గించొచ్చు, చదవలేని స్ట్రిప్‌ని ఏం చేస్తాం?

ధర అంటే గుర్తొచ్చింది. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి సీలింగ్ పెట్టింది. సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం రకం 54,720కి దిగింది, జీఎస్టీ అదనం. మంచి పనే. కానీ ఆపరేషన్ తర్వాత వారాల తరబడి ఇంట్లో ఉండాలి, ఆ కూలికి సీలింగ్ లేదు, ఫ్లోరూ లేదు.

మీ అమ్మకో అమ్మమ్మకో పొద్దున్నే అరగంటకి మించి వేళ్లు బిగుసుకుంటూ, కణుపులు వాచి కొన్ని వారాలైనా తగ్గకపోతే సూదితో సరిపెట్టకండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లి 'ఇది రుమటాయిడా?' అని సూటిగా అడగండి. వాళ్ల మందుల స్ట్రిప్‌లు ఒకసారి తిప్పి చూడండి, వారానికి ఒకటి అని ఉంటే రోజు పేరు తెలుగులో పెద్దగా రాసి అతికించండి.

అత్త స్ట్రిప్ మీద 'మంగళవారం' అని నేనే రాశాను. ఇవాళ మంగళవారమే. రికార్డింగ్ ఆపి ఓసారి అటెళ్లి అడిగొస్తా.