ఊళ్లో క్యాంపుకు చందా.. మన మామోగ్రామ్‌కు వాయిదా!

అమెరికాలో అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం. బతుకమ్మ, దసరా సంబరాలూ ఇంచుమించు అప్పుడే వస్తాయి. అందుకే న్యూజెర్సీలో మా వేడుకల్లో చీరకు గులాబీ రిబ్బన్ పెట్టుకుని ఫొటోలు దిగడం మామూలైపోయింది. తానా ఫౌండేషన్ వంటివి తెలుగు రాష్ట్రాల్లో నిర్వహించే క్యాన్సర్ పరీక్షల శిబిరాలకు విరాళం ఇవ్వడంలోనూ మనవాళ్లు వెనకాడరు. ఇలాంటి చోట్ల తోటి మహిళలను నేనొక ప్రశ్న అడుగుతుంటాను. ‘‘మీరు మామోగ్రామ్ చేయించుకుని ఎన్నేళ్లయింది?’’

జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘‘పిల్లల సెలవులు అయిపోనీ వదినా’’, ‘‘ఆఫీసులో రిలీజ్ ఉంది, తర్వాత చూద్దాం’’. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది మాత్రం ‘‘నాకేం లేదు కదా అక్కా!’’

ఏమీ లేనప్పుడే చేయించుకోవాలి

స్క్రీనింగ్ అంటేనే ఏ లక్షణమూ లేనివారికి చేసే పరీక్ష. గడ్డ తగిలాక, రక్తస్రావం అయ్యాక చేసేది రోగ నిర్ధారణ. ఈ తేడా మనకు అలవాటు లేదు. జబ్బు చేస్తేనే డాక్టర్ దగ్గరికి వెళ్లే ఇళ్లలో పెరిగాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారత్‌లో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. బాలింత పథ్యం నుంచి పసుపు కషాయం దాకా అన్నీ చెప్పిన అమ్మ, తనకే తెలియని పాప్ స్మియర్ గురించి ఎలా చెబుతుంది?

ఆ ‘పాప్’ అనే మాట వెనుక ఉన్నది మనలాగే వలస వచ్చిన ఓ డాక్టర్. జార్జ్ పాపనికొలావ్ 1913లో గ్రీసు నుంచి న్యూయార్క్ చేరారు. ఆయన పరిశోధన కోసం భార్య ఆండ్రోమకి ఏళ్ల తరబడి తన నమూనాలే ఇచ్చారు. ఒకప్పుడు అమెరికా మహిళల క్యాన్సర్ మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటైన ఈ వ్యాధి, ఆ పరీక్ష వాడుకలోకి వచ్చాక బాగా తగ్గింది. కణాల్లో మార్పు క్యాన్సర్‌గా మారకముందే అది పట్టేస్తుంది.

ఏ వయసుకు ఏ పరీక్ష?

అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ సూచనలు ఇవీ..

* మామోగ్రామ్: 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి. అంతకుముందు అందరికీ 50 ఏళ్ల నుంచి అని ఉండేది. 2024లో 40కి తగ్గించారు. ‘‘నాకింకా యాభై రాలేదు’’ అనేది ఇక పాత మాట.
* పాప్ స్మియర్: 21-29 ఏళ్ల మధ్య మూడేళ్లకోసారి. 30-65 మధ్య మూడేళ్లకోసారి పాప్ లేదా అయిదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష.
* పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష: 45 ఏళ్ల నుంచి. 2021లో దీని వయసునూ తగ్గించారు. కొలనోస్కోపీయే కానక్కర్లేదు, ఇంటి నుంచి పంపే మల పరీక్ష కూడా ఉంది.

కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టమనొచ్చు. ఇక్కడే మన ఇళ్లలో చిక్కు. ‘‘పెద్దమ్మకేదో గడ్డ తీశారు’’ అంటారే తప్ప అదేమిటో, ఏ వయసులో వచ్చిందో చెప్పరు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. నాన్న వైపు మేనత్తల సంగతి కూడా అడగండి. రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పును పెంచే జన్యుమార్పులు తండ్రి నుంచి కూడా వస్తాయి.

బిల్లు భయం

2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం చాలావరకు ఇన్సూరెన్స్ ప్లాన్లు ఈ పరీక్షలకు నెట్‌వర్క్ లోపల కోపే, డిడక్టబుల్ లేకుండా చెల్లించాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘స్క్రీనింగ్’ అని చెప్పి, ఇన్సూరెన్స్ కంపెనీతో ఖాయం చేసుకోండి. గడ్డ ఉందని చెబితే అది డయాగ్నస్టిక్ కింద మారి కొంత ఖర్చు పడొచ్చు. అందుకని గడ్డ సంగతి దాచొద్దు.

లేఆఫ్‌లో ఇన్సూరెన్స్ పోయినవారికీ దారి ఉంది. 1990 నాటి చట్టంతో సీడీసీ నిధులతో మొదలైన కార్యక్రమం కింద, తక్కువ ఆదాయం ఉండి ఇన్సూరెన్స్ లేని మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఉచితంగా లేదా తక్కువ ధరకు చేస్తారు. అర్హత వివరాలు మీ రాష్ట్ర ఆరోగ్యశాఖను అడగండి.

సిగ్గు, భయం

మామోగ్రామ్‌కు మొత్తం అరగంట కూడా పట్టదు. నొక్కినట్టుండి నొప్పి పుట్టినా అది కొన్ని సెకన్లే. పీరియడ్స్ అయిన వారంలో వెళితే ఇబ్బంది తక్కువ. ఆ రోజు డియోడరెంట్, పౌడర్ వద్దు. అవి చిత్రంలో మచ్చల్లా కనిపించొచ్చు. పాప్ స్మియర్‌కు మహిళా డాక్టరే కావాలని అడగొచ్చు. సిగ్గుతో ఆగిపోయేవారికి మరో వెసులుబాటు ఉంది. హెచ్‌పీవీ నమూనాను క్లినిక్‌లో స్వయంగా తీసుకునే పద్ధతిని ఎఫ్‌డీఏ 2024లో, ఇంటి దగ్గరే తీసుకునే కిట్‌ను 2025లో అనుమతించింది.

‘మరోసారి రావాలి’ అని పోర్టల్‌లో మెసేజ్ వస్తే గుండె జారిపోతుంది. మామోగ్రామ్ చేయించుకున్న ప్రతి వందమందిలో సుమారు పదిమందిని అలా పిలుస్తారు. వారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. అలాగని మామోగ్రామ్ అన్నిటినీ పట్టేస్తుందనీ కాదు. కణజాలం దట్టంగా ఉన్నవారిలో కొన్ని కనిపించకపోవచ్చు. 2024 సెప్టెంబరు నుంచి ఆ సంగతి రిపోర్టులో తప్పనిసరిగా చెబుతున్నారు. ఆ లైను వదిలేయకుండా చదివి డాక్టర్‌ను అడగండి. రిపోర్టు బాగున్నా తర్వాత గడ్డ తగిలితే రెండేళ్లు ఆగొద్దు.

అమ్మ, అత్తయ్య వచ్చేముందు

ఆరునెలలకు వచ్చే పెద్దవాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా స్క్రీనింగ్‌కు వర్తించదు. విమానం ఎక్కకముందే అక్కడ చేయించడం తేలిక. హైదరాబాద్‌లో 2000లో మొదలైన బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రి వంటివి ఉన్నాయి. హైదరాబాద్‌కే చెందిన సర్జన్ డాక్టర్ పి.రఘురామ్, రొమ్ము క్యాన్సర్‌ను జయించిన తన తల్లి ఉషాలక్ష్మి పేరుతో 2007లో ఫౌండేషన్ పెట్టి అవగాహన కల్పిస్తున్నారు. తల్లి జబ్బు గురించి పదిమందిలో చెప్పగలిగితే ఎంత మేలో దీన్ని చూస్తే తెలుస్తుంది.

సంఘాల పెద్దలకు నాదొక మనవి. ఊళ్లో క్యాంపులు తప్పక చేయండి. అలాగే వచ్చే సంబరాల్లో మన మహిళా డాక్టర్లతో ఒక టేబుల్ పెట్టించండి. వచ్చినవారు అక్కడే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకునేలా చూడండి. ఒంటరిగా వెళ్లడానికి జంకే చెల్లెలికి ఓ అక్క తోడు వెళ్లాలి. ఆ పూట పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చే పని భర్త చూసుకోవాలి. రిబ్బన్ పెట్టుకున్న చేతికి ఫోన్ తీసి నంబరు నొక్కడం పెద్ద పనేం కాదు.