దూడకు జున్నుపాలు, బిడ్డకు ముర్రుపాలు

బర్రె ఈనిన గంటలోపే దూడను పొదుగు దగ్గరికి తేవాలని మన సభ్యులకు ఎవరూ చెప్పనక్కరలేదు. జున్నుపాలు తాగని దూడ దక్కదని తాతలనాటి నుంచి ఎరుగుదురు. అదే ఇంట్లో కోడలు ప్రసవిస్తే మాత్రం మొదటి పాలు చెడ్డవని పిండి పారబోసి, బిడ్డ నోట చక్కెర నీళ్ళో, తేనెచుక్కో, గాడిదపాలో వేయడం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తనిఖీలకు తిరిగేటప్పుడు మేము చూశాము.

ఆ చిక్కని పసుపుపాలే ముర్రుపాలు. రోగాలను అడ్డుకొనే శక్తి వాటిలో ఉన్నది. తొలిరోజు మొత్తం కలిపినా 30, 40 మిల్లీలీటర్లే వస్తాయి. "పాలు పడలేదు" అని కంగారుపడి సీసా తెస్తారు. కాని ఆనాడు బిడ్డ కడుపు పట్టేది ఒకసారికి ఒకటి రెండు చెంచాలే. మూడు నాలుగు రోజులకు పాలు పొంగుతాయి, నెల నిండేసరికి రోజుకు సుమారు 750 మి.లీ. తాగుతుంది. పొదుగు పూర్తిగా పితకకపోతే పాలు తగ్గడం మీకు తెలిసిందే. ఇక్కడా అంతే, చీకినకొద్దీ వస్తాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. కరీంనగర్ జిల్లాలో ఇంకా ఎక్కువ. ఆపరేషను అయిన తల్లి కూడా తెలివి రాగానే, పక్కన ఎవరైనా సాయం పడితే, పాలివ్వగలదు.

ఒక సంఘంలో పెద్దమనిషి అడిగాడు: "మా బర్రెపాలల్ల వెన్న ఏడు శాతం ఉన్నది సార్, మనుమనికి పట్టొచ్చునా?" వద్దన్నాము. పాలు సేకరించే సంఘం వారే ఇట్లా అంటారా అని ఆశ్చర్యపోయాడు. తల్లిపాలలో మాంసకృత్తులు ఒక శాతమే, బర్రెపాలలో దాదాపు నాలుగు. పసికందు మూత్రపిండాలు ఆ భారం మోయలేవు. ఇనుమూ చాలదు. ఏడాది నిండేదాకా బర్రెపాలైనా, ఆవుపాలైనా తల్లిపాలకు బదులు కావు. మొదటి ఆరునెలలు రామగుండం ఎండల్లోనైనా నీళ్ళు పట్టనక్కరలేదు, తల్లిపాలలో 87 శాతం నీరే.

మన పాలు తాగవలసింది బాలింత. ఆమెకు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, అర లీటరు బర్రెపాలలో అందులో చాలా భాగం దొరుకుతుంది. ఉన్నవన్నీ క్యానులో పోసి బాలింతకు నల్లచాయ్ ఇచ్చే ఇళ్ళున్నాయి. కేంద్రానికి తెచ్చేముందే ఆ అర లీటరు తీసి పెట్టండి, బిల్లు కొంత తగ్గినా సరే.

బిడ్డకు పాలు సరిపోతున్నాయా అన్నది సులువుగానే తెలుస్తుంది. ఐదోరోజు తర్వాత దినానికి ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోయాలి. మొదట కొంత తగ్గిన బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి. అంగన్‌వాడీలో తూకం వేయించండి, మన సంఘం కాంటా మీద కాదు సుమా. బిడ్డ పాలు చీకకుండా మగతగా పడి ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.