ఆఫీసు ఇంగ్లీషు నేర్పే ఆన్‌లైన్ గురువులు

బడిలో మనం ఇంగ్లీషు నేర్చుకునే తీరు వేరు, ఉద్యోగంలో ఉన్న పెద్దవాళ్లు నేర్చుకునే తీరు వేరు. మనకు పాఠ్యపుస్తకం ఉంటుంది, పరీక్ష ఉంటుంది, చదవడానికి ఏడాది సమయం ఉంటుంది. నలభై ఏళ్ల ఇంజనీరుకు ఇవేవీ ఉండవు. వచ్చే మంగళవారం విదేశీ కొనుగోలుదారులతో మీటింగు మాత్రం ఉంటుంది. సరుకు ఎందుకు ఆలస్యమైందో, ఎప్పటికి చేరుతుందో ఆయన ఇంగ్లీషులో చెప్పాలి. ఆ మీటింగే ఆయనకు పరీక్ష.

ఇలాంటివారికి ఇంటర్నెట్ ద్వారా, ఒక్కొక్కరికి విడిగా పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు నేడు అనేక దేశాల్లో ఉన్నారు. మన దేశంలోనూ ఉన్నారు. వారిలో మనలాగే బదిలీల మీద ఊళ్లు మారే కుటుంబాలవాళ్లూ ఉన్నారు. ఈ పని ఎలా జరుగుతుందో, అందులో మనకు పనికొచ్చేది ఏముందో చూద్దాం.

ఉద్యోగం కోసం భాష: పాత అవసరమే

ఉద్యోగం కోసం పెద్దవాళ్లు కొత్త భాష నేర్చుకోవడం ఈనాటి సంగతి కాదు. ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండు నుంచి వచ్చే యువ అధికారులకు ఇక్కడి భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలను పెట్టింది. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడే తెలుగు నేర్చుకుని, 1820లో కడపలో ఉద్యోగానికి వెళ్లాడు. తరువాత ఆయన నిఘంటువులు తయారుచేశాడు, పాత కావ్యాల ప్రతులు సేకరించాడు. కాని మొదట తెలుగు నేర్చుకున్నది ఉద్యోగం కోసమే.

ఇప్పుడు ఆ అవసరం ఇంగ్లీషు వైపు తిరిగింది. జపాన్‌వారి కోరిక మీద అమెరికాలో రూపొందించిన టోయిక్ అనే పరీక్ష 1979లో మొదలైంది. ఆఫీసుల్లో, వ్యాపారంలో వాడే ఇంగ్లీషు ఎంత వచ్చో అది కొలుస్తుంది. జపాన్‌కే చెందిన రకుటెన్ కంపెనీ తన ఉద్యోగులందరూ ఆఫీసు పని ఇంగ్లీషులోనే చేయాలని 2010లో ప్రకటించి, 2012 నుంచి పూర్తిగా అమలు చేసింది. అంతవరకూ జపనీస్‌లోనే పనిచేసినవాళ్లు రెండేళ్లలో మీటింగులూ నివేదికలూ ఇంగ్లీషులోకి మార్చుకోవలసి వచ్చింది. అలాంటివాళ్లకు పగలంతా డ్యూటీ ఉంటుంది. కోచింగ్ సెంటరుకు వెళ్లే తీరిక ఉండదు. రాత్రి భోజనం తరువాత ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని నేర్చుకునే వీలు ఇందుకే అవసరమైంది.

మొదటి క్లాసులో ప్రశ్నలే

మంచి గురువు మొదటి రోజున వ్యాకరణంతో మొదలుపెట్టరు. ప్రశ్నలు అడుగుతారు. మీ పని ఏమిటి? ఇంగ్లీషులో ఎవరితో మాట్లాడతారు? ఫోనులోనా, ఎదురుగానా, మెయిల్‌లోనా? అవతలివారు మీకన్నా పై అధికారులా, మీ దగ్గర కొనేవాళ్లా? పోయిన నెలలో ఎక్కడ మాట రాక ఆగిపోయారు? దీన్ని అవసరాల పరిశీలన అంటారు. జాన్ మన్‌బీ అనే ఆంగ్ల బోధనా నిపుణుడు 1978లో రాసిన పుస్తకం దీనికి ఒక పద్ధతి ఏర్పరిచింది. నేర్చుకునేవారు భాషను ఎక్కడ, ఎవరితో, దేనికోసం వాడతారో ముందు తెలుసుకుని, దాన్నిబట్టి పాఠ్యప్రణాళిక తయారుచేయాలన్నది దాని సారం.

ఎందుకంటే ఆఫీసు ఇంగ్లీషు ఒకటే కాదు. హోటల్ రిసెప్షన్‌లో పనిచేసేవారికి విసుక్కుంటున్న అతిథిని శాంతపరిచే మాటలు కావాలి. అకౌంట్స్ విభాగంలోవారికి రావలసిన బాకీ గుర్తుచేస్తూ, నొప్పించకుండా మెయిల్ రాయడం రావాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రోజూ ఉదయం జరిగే మీటింగులో నిన్న చేసిన పని రెండు నిమిషాల్లో చెప్పడం రావాలి.

తరువాత స్థాయి చూస్తారు. యూరప్ మండలి 2001లో ప్రచురించిన కొలమానాన్ని చాలామంది వాడతారు. అందులో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లున్నాయి. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పి చిన్న ప్రశ్నలకు జవాబివ్వగలగడం. సీ2 అంటే విన్నదీ చదివినదీ దాదాపు అంతా సులువుగా అర్థం చేసుకోగలగడం.

క్లాసు ఎలా నడుస్తుంది?

యాభై నిమిషాల క్లాసు అనుకుందాం. మొదటి ఐదు నిమిషాలు కుశల ప్రశ్నలు. ఇవి కాలక్షేపానికి కాదు. మీటింగుకు ముందు వాతావరణం గురించో ప్రయాణం గురించో నాలుగు మాటలు మాట్లాడటం కూడా నేర్చుకోవలసిందే. తరువాత ఆ రోజు పనికొచ్చే పది, పన్నెండు వాక్యాలు పరిచయం చేస్తారు. ఆపైన అసలు పని, అంటే అభినయం. గురువు కొనుగోలుదారు అవుతారు, శిష్యుడు తన పాత్ర తానే వేస్తాడు. “సరుకు పది రోజులు ఆలస్యమైంది, మాకు నష్టం వచ్చింది” అని గురువు నిలదీస్తే శిష్యుడు జవాబు చెప్పాలి.

ఈ సమయంలో గురువు ప్రతి తప్పుకూ అడ్డు తగలరు. అడ్డు తగిలితే మాట్లాడేవారి ఆలోచన తెగిపోతుంది. తప్పులను పక్కన రాసుకుంటారు. అభినయం అయ్యాక చాట్ పెట్టెలో రెండు వరుసలుగా చూపిస్తారు. పైన శిష్యుడు అన్న వాక్యం, కింద సరైన వాక్యం. ఆ తరువాత అదే సంభాషణ మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. రెండోసారి మాట సాఫీగా వస్తుంది. క్లాసులో ఎక్కువసేపు వినిపించవలసింది శిష్యుడి గొంతు. గురువే మాట్లాడుతూ పోతే డబ్బు కట్టింది వినడానికే అవుతుంది.

తప్పు ఎక్కడ పుడుతుంది?

మాతృభాష తెలిస్తే తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. తెలుగులో “ఫైలు పంపండి” అంటే మర్యాదగానే ఉంటుంది. ఆ మర్యాద “అండి”లో ఉంది. అదే వాక్యాన్ని “సెండ్ ది ఫైల్” అంటే “అండి” జారిపోతుంది, ఆజ్ఞ మిగులుతుంది. ఇంగ్లీషులో మర్యాద వాక్యం మొదట్లోనే రావాలి. “కుడ్ యూ సెండ్ ది ఫైల్?” అని ప్రశ్నగా అడగాలి. మన ఉద్యోగుల మెయిళ్లు కొన్ని విదేశీయులకు కటువుగా తోచడానికి ఇదొక కారణం. రాసినవారి మనసులో కటుత్వం ఉండదు.

“ఐ హావ్ ఎ డౌట్” కూడా అలాంటిదే. మన సందేహం అన్న మాటకు ప్రశ్న అనీ, అనుమానం అనీ రెండర్థాలున్నాయి. మనం ప్రశ్న అనే అర్థంలో అంటాం. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో వినేవారు తమ మాట మీద నమ్మకం లేదని అనుకోవచ్చు. మన క్వార్టర్స్‌లో రోజూ వినిపించే “అవుటాఫ్ స్టేషన్”, “ప్రీపోన్” వంటివి మన దేశంలో చక్కగా పనిచేస్తాయి. బయటివారికి అవి కొత్త. అవి తప్పులని చెప్పక్కరలేదు. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోవాలి, అంతే.

జపనీస్ శిష్యులకు నేర్పే తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. “నేను రేపు టోక్యోకు వెళ్తాను” అన్న వాక్యాన్ని జపనీస్‌లో “వతాషివా అష్తా టోక్యోని ఇకిమాస్” అంటారు. మాటల వరుస మనదే. క్రియ చివరే వస్తుంది. చివరి “మాస్”లో వినేవారి పట్ల మర్యాద ఉంది. ఇంగ్లీషులోని “ఎ”, “ది” లాంటివి మనకూ లేవు, వాళ్లకూ లేవు. మనం బస్ అనే మాట చివర అచ్చు చేర్చి బస్సు అన్నట్టే వాళ్లు బసు అంటారు. కాబట్టి జపనీస్ శిష్యుడు ఎక్కడ తడబడతాడో తెలుగు గురువు ముందే ఊహించగలరు.

అంకెల దగ్గర మరో చిక్కు ఉంది. మనం లక్షల్లో, కోట్లలో లెక్కపెడతాం. ఇంగ్లీషు వ్యాపారంలో మిలియన్లు. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. జపాన్‌వాళ్లు పదివేలను ఒక మాన్ అంటారు. వాళ్ల పది మాన్ మన లక్ష. ఫోనులో ధర చెప్పేటప్పుడు ఒక్క సున్నా జారితే బేరమే తారుమారు అవుతుంది. తేదీలూ అంతే. 5/7 అంటే మనకు జూలై 5, అమెరికావారికి మే 7. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయమని నేర్పుతారు.

పెద్దవారి బిడియం

పెద్దల చదువు గురించి రాసిన అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ చెప్పిన ముఖ్య విషయం ఇది. పెద్దవారికి తాము నేర్చుకునేది ఎందుకో తెలియాలి, తమ అనుభవానికి విలువ దక్కాలి. ఆఫీసులో ఇరవై మందికి పని చెప్పే మనిషి ఇంగ్లీషులోకి రాగానే చిన్నపిల్లవాడిలా మాట్లాడవలసి వస్తుంది. తనకు తెలిసినదంతా లోపలే ఉండిపోతుంది. కిందివారి ముందు ఆ స్థితి చాలామంది భరించలేరు, నోరు తెరవడమే మానేస్తారు. తెరకు అవతల ఒక్క గురువే ఉన్నప్పుడు ఆ బిడియం తగ్గుతుంది. ఒకే వాక్యాన్ని ఆరుసార్లు తప్పు చెప్పినా నవ్వేవారుండరు. యంత్రాల గురించి శిష్యుడికి తెలిసినంత గురువుకు తెలియదు. అందుకని “ఈ పంపు ఎలా పనిచేస్తుందో నాకు చెప్పండి” అని గురువే అడుగుతారు. ఆ ఐదు నిమిషాలూ శిష్యుడు నేర్పేవాడవుతాడు.

బదిలీ అయినా వెంట వచ్చే పని

మనలో చాలామంది అమ్మలు ఒక ఊళ్లో ఉద్యోగం చూసుకుని, కుదురుకునేలోగా బదిలీ ఉత్తర్వు వస్తే మానేసినవారే. మా అమ్మ మూడు ఊళ్లలో మూడు బళ్లలో పాఠాలు చెప్పింది. ప్రతిచోటా మళ్లీ కొత్తగా మొదలుపెట్టవలసి వచ్చింది. నాలుగో బదిలీ తరువాత ఆన్‌లైన్‌లో నేర్పడం మొదలుపెట్టింది. ఐదో బదిలీలో సామాను లారీలో ఉండగానే అతిథిగృహం గదిలో కూర్చుని క్లాసు చెప్పింది. ఆ శిష్యురాలికి మేము ఊరు మారిన సంగతే తెలియదు. పని పోకుండా ఊరు మారడం మా ఇంట్లో అదే మొదటిసారి.

అలాగని ఇది తేలికైన పని కాదు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడివారు ఆఫీసుకు వెళ్లేముందు ఏడింటికి నేర్చుకోవాలంటే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. బ్రెజిల్‌లోని సావో పాలో మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనుక. అక్కడ సాయంత్రం ఆరు అంటే ఇక్కడ రాత్రి రెండున్నర. కరెంటు పోయినా, నెట్ ఆగినా క్లాసు పోతుంది. సెలవు పెడితే జీతం రాదు. పింఛను ఉండదు. శిష్యులు ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ.

ఇంగ్లీషు మాట్లాడటం వస్తే చాలు, నేర్పడం వచ్చేస్తుందనుకోవడమూ సరికాదు. కేంబ్రిడ్జ్‌వారి సెల్టా అనే శిక్షణలో 120 గంటలకు తగ్గకుండా బోధన ఉంటుంది, అసలైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ కూడా ఇంగ్లీషు బోధనలో కోర్సులు నడుపుతోంది.

మనకు పనికొచ్చేది

బదిలీ అయిన ప్రతిసారీ మన చుట్టూ కొత్త భాష వస్తుంది. అస్సామీ, గుజరాతీ, తమిళం, ఏదైనా కావచ్చు. అక్షరమాలతో మొదలుపెట్టి చాలామంది మధ్యలో వదిలేస్తారు. ఈ గురువుల పద్ధతి మనమూ పాటించవచ్చు. మొదటి వారంలో ఆ భాష ఎవరితో మాట్లాడవలసి వస్తుందో రాసుకోండి. పాలు తెచ్చే అతను, ఆటో డ్రైవరు, పక్క క్వార్టర్‌లోని ఆంటీ, ఆటస్థలంలో పిల్లలు. ఒక్కొక్కరితో అవసరమయ్యే మూడు వాక్యాలు తరగతిలోని స్థానిక మిత్రుడిని అడిగి తెలుసుకోండి. ఇద్దరూ పాత్రలు వేసుకుని చెప్పి చూడండి. తప్పులు చివర్లో చెప్పమనండి, మధ్యలో కాదు. ఆ వాక్యాన్ని అదే రోజు సాయంత్రం నిజమైన మనిషితో వాడండి.

బదులుగా ఆ మిత్రుడికి మీ తెలుగు మూడు వాక్యాలు నేర్పండి. “అండి” ఎక్కడ చేర్చాలో చెప్పడం మరవకండి.